ఇరవై వేల ఫోను: చూసి కొనడం, ఏళ్లపాటు వాడుకోవడం

పదిహేను వేల నుంచి పాతిక వేల రూపాయల మధ్య ఫోను కొనడమంత తికమక వ్యవహారం మరొకటి లేదు. అంతకు తక్కువలో ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. యాభై వేలు దాటితే ఏది కొన్నా దాదాపు బాగానే ఉంటుంది. మధ్యలో మాత్రం ప్రతి కంపెనీకీ అరడజను మోడళ్లు, వాటి పేర్లకు ప్రో అనీ ప్లస్ అనీ లైట్ అనీ తోకలు. ధరను పాతిక వేల లోపు ఉంచాలంటే తయారీదారు ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదు. ఆ కోత ఎక్కడ పడిందో కనిపెట్టడమే కొనేవారి పని. పోస్టరు మీద పెద్దక్షరాల్లో వేసేది కోత పడని సంగతులనే. కాబట్టి చిన్నక్షరాలు చదవాలి, అసలు అచ్చువేయనివి అడగాలి.

ఇంట్లోనే తేల్చుకోవలసినవి

ఫోను ఎవరికి, రోజులో ఎక్కువసేపు దేనికి, ఎన్నేళ్లకు అన్నవి ముందు కాగితం మీద రాసుకోండి. అమ్మకోసం కొంటున్నారనుకోండి. ఆవిడకు కావలసింది వాకిట్లో ఎండలో కూడా కనబడే తెర, గట్టిగా వినబడే స్పీకరు, పొద్దున చార్జింగు పెడితే రాత్రిదాకా నిలిచే బ్యాటరీ. ఆటలకోసం తయారైన ఖరీదైన చిప్పుకు డబ్బు పోయడం దండగ. డెలివరీ పని చేసే తమ్ముడికైతే బ్యాటరీతోపాటు వాన తట్టుకునే గుణం ముఖ్యం, కెమెరా ఎలా ఉన్నా పరవాలేదు. అన్నీ ఉన్న ఫోను ఈ ధరలో దొరకదు. ఏది లేకపోయినా సర్దుకోగలరో ముందే తెలిస్తే దుకాణంలో అమ్మే కుర్రాడి మాటలకు పడిపోరు.

రెండో సంగతి, మీ ఊళ్లో ఏ నెట్‌వర్కు బాగా అందుతుందో చూడండి. మన దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబరులో మొదలయ్యాయి కానీ అన్ని కంపెనీల 5జీ ఒక తీరుది కాదు. జియో తన 5జీని 4జీ మీద ఆధారపడకుండా విడిగా కట్టుకుంది, దాన్ని ఎస్‌ఏ అంటారు. ఎయిర్‌టెల్ ఎక్కువగా 4జీ మీద ఆనుకుని నడిచే ఎన్‌ఎస్‌ఏ పద్ధతితో మొదలుపెట్టింది. ఫోను వివరాల్లో ఈ రెండూ ఉన్నాయో లేదో చూడండి. బ్యాండ్ల (ఫోను అందుకోగల తరంగాల) జాబితాలో ఎన్78తోపాటు ఎన్28 కూడా ఉండాలి. ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్. ఎక్కువ దూరం పోతుంది, గోడలు దాటి ఇంట్లోకి వస్తుంది. పల్లెల్లో ఉండేవారికి దీని విలువ తెలుస్తుంది.

మూడోది చాలామంది కొన్న తర్వాత గానీ ఆలోచించనిది: సర్వీసు సెంటరు. కంపెనీ వెబ్‌సైటులో మీ జిల్లా పేరు పెట్టి వెతకండి. పార్వతీపురంలో ఉండి తెర మార్పించడానికి విశాఖకు, ఆసిఫాబాద్‌లో ఉండి హైదరాబాదుకు ప్రయాణం కట్టాల్సి వస్తే, కొన్నప్పుడు మిగిలిన వెయ్యి రూపాయలు చార్జీలకే పోతాయి. రెండు ఫోన్ల మధ్య ఎటూ తేలనప్పుడు మీ పట్టణంలో సర్వీసు ఉన్న కంపెనీ వైపే మొగ్గండి.

చిన్నక్షరాలు

మొదట చూడవలసింది స్టోరేజీ ఎంత అన్నది కాదు, ఏ రకం అన్నది. కొత్తలో చురుగ్గా ఉన్న ఫోను రెండేళ్లకు ఈడిగిలపడటానికి సగం కారణం ఇక్కడే ఉంటుంది. చవక ఫోన్లలో ఈఎంఎంసీ అనే పాత రకం వేస్తారు. దానికన్నా మేలైనది యూఎఫ్‌ఎస్. ఈఎంఎంసీలో ఇటీవలి రకం కూడా కాగితం మీద సెకనుకు 400 మెగాబైట్లు దాటదు, యూఎఫ్‌ఎస్ 2.2 అంతకు రెట్టింపు పైనే. యాప్ తెరవడం, ఫొటో దాచుకోవడం, అప్‌డేట్ ఎక్కడం అన్నీ ఈ వేగం మీదే ఆధారపడతాయి. పదిహేను వేలు పైబడి పెట్టేటప్పుడు యూఎఫ్‌ఎస్ లేని ఫోనును ముట్టుకోకండి. 3.1 అయితే మరీ మంచిది. పెట్టె మీద ఇది రాయకపోతే కంపెనీ వెబ్‌సైటులో చూడండి. అక్కడా దాచారంటే ఎందుకు దాచారో ఊహించుకోవచ్చు.

ర్యామ్ అంటే యాప్‌లు నడుస్తున్నంతసేపూ వాడుకునే తాత్కాలిక మెమరీ. దాని దగ్గర ఒక గారడీ జరుగుతుంది. ‘8+8 జీబీ’ అని వేస్తారు. అందులో మొదటి 8 మాత్రమే నిజమైన ర్యామ్. రెండోది స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్నది, వేగంలో అసలుదాని దరిదాపులకు రాదు. మూడు నాలుగేళ్లు వాడదలచుకుంటే 8 జీబీ అసలు ర్యామ్ ఉన్నదే తీసుకోండి. స్టోరేజీ 128 జీబీ అన్నప్పుడు అందులో ఇరవై జీబీ పైగా ఆండ్రాయిడే ఆక్రమిస్తుందని గుర్తుంచుకోండి. మెమరీ కార్డుకు చోటుందేమో అడగండి. ఉన్నా, కార్డు పెట్టాలంటే రెండో సిమ్మును వదులుకోవాలా అన్నది కూడా అడగాలి. చాలా ఫోన్లలో ఆ రెండింటికీ ఒకటే గది.

తర్వాతది అప్‌డేట్ల హామీ. ఒకప్పుడు ఈ ధరలో రెండేళ్లు దాటి అప్‌డేట్ వస్తే గొప్ప. 2024 అక్టోబరులో శాంసంగ్ గెలాక్సీ ఏ16 5జీని మన దేశంలో విడుదల చేసినప్పుడు ఆరేళ్ల అప్‌డేట్లు ఇస్తామంది, అప్పటి ధర ఇరవై వేలలోపే. ఇప్పుడు మిగతావారినీ అదే ప్రశ్న అడగొచ్చు. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లు ఎన్ని, భద్రతా ప్యాచులు ఎన్నేళ్లు అని విడివిడిగా అడగండి. ఒక మెలిక గమనించండి: ఈ లెక్క ఫోను మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి మొదలవుతుంది, మీరు కొన్న రోజు నుంచి కాదు. పండగ అమ్మకాల్లో చవగ్గా దొరికిన రెండేళ్లనాటి మోడల్‌కు ఆ హామీలో రెండేళ్లు అప్పటికే ఖర్చయిపోయి ఉంటాయి. పాతబడిన ఆండ్రాయిడ్ మీద బ్యాంకు యాప్‌లు ఏదో ఒకనాడు పనిచేయడం మానేస్తాయి. ఫోను బాగున్నా మార్చాల్సి వచ్చేది చాలాసార్లు అందుకే.

కెమెరా మెగాపిక్సెళ్ల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. 50 అన్నా 108 అన్నా మామూలుగా తీసే ఫొటో 12 మెగాపిక్సెళ్ల చుట్టుపక్కలే ఉంటుంది. నాలుగేసి లేదా తొమ్మిదేసి పిక్సెళ్లను కలిపి ఒకటిగా లెక్కిస్తుంది కాబట్టి అంకె పెద్దదైనంత మాత్రాన బొమ్మ మెరుగవదు. వెనక మూడు కళ్లు కనిపిస్తే రెండు మెగాపిక్సెళ్ల మ్యాక్రో, డెప్త్ అనేవి ఉన్నాయేమో చూడండి. అవి లెక్క పెంచడానికి అతికించినవి. వాటికి బదులు ఓఐఎస్ ఉందా అని అడగండి. చేయి కాస్త వణికినా లెన్సు సర్దుకుంటుంది. పెళ్లి పందిట్లో, రాత్రి వెలుతురులో తేడా తెలిసేది దీనివల్లే.

తెర వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. అందులో ‘పీక్’ అని చెప్పే అంకెను నమ్మకండి, అది తెరలో చిన్న ముక్కకు కొద్ది క్షణాలపాటు వచ్చే వెలుగు. హెచ్‌బీఎం, అంటే ఎండలో తెర మొత్తం ఇచ్చే వెలుగు, దాని దగ్గర రాసిన అంకె అసలైనది. నీటి విషయంలో ఐపీ54, ఐపీ64 అంటే తుంపరలకు తట్టుకుంటుందని. ఐపీ67 అయితే మీటరు లోతు మంచినీళ్లలో అరగంట. అలాగని నీళ్లు దూరిన ఫోనుకు వారంటీ వర్తింపజేసే కంపెనీలు అరుదు. ఆ రేటింగును ధైర్యంగా తీసుకోండి, ఆహ్వానంగా కాదు. ఇక పెట్టెలో చార్జరు ఉందో లేదో తప్పక అడగండి. లేకపోతే దాని ధర కూడా ఫోను ధరలో కలుపుకుని పోల్చాలి.

దుకాణంలో

ఆన్‌లైనులో కొనేవారైనా సరే, ఒకసారి దుకాణానికి వెళ్లి ప్రదర్శనకు పెట్టిన ఫోనును చేతిలోకి తీసుకోండి. దాన్ని అక్కడి తెల్లని దీపాల కింద చూస్తే అన్నీ అందంగానే ఉంటాయి. గుమ్మం దాకా తెచ్చి, వీధి వెలుతురులో వెలుగు పూర్తిగా పెంచి ఒక వార్త చదవండి. తర్వాత వెంట వచ్చినవారిని గుమ్మానికి వీపు పెట్టి నిలబెట్టి ఫొటో తీయండి. వెనక ఎండ, ముందు నీడ. ముఖం నల్లబడకుండా, వెనకాల వీధి తెల్లగా పేలిపోకుండా బొమ్మ వచ్చిందంటే ఆ కెమెరా మన ఇళ్లలో బాగా పనికొస్తుంది. మనం తీసే ఫొటోలు సగం కిటికీ ముందూ గడప ముందూ తీసినవే కదా. కదులుతున్న మనిషిని కూడా ఒకటి తీయండి. చంటిపిల్లలున్న ఇంటికి ఈ పరీక్ష తప్పనిసరి. ఆపైన ఫోనును ఒంటిచేత్తో పట్టుకుని బొటనవేలు తెర పైఅంచు దాకా పోతుందేమో చూడండి. ఈమధ్య ఇవి రెండు వందల గ్రాముల దాకా బరువుంటున్నాయి. పడుకుని చూసే అలవాటున్నవారి ముక్కుకు ఆ బరువేమిటో తెలిసే ఉంటుంది.

కొనేటప్పుడు సీలు మీ ఎదుటే తీయించండి. *#06# నొక్కితే ఐఎంఈఐ నంబర్లు, అంటే ఆ ఫోనుకు మాత్రమే ఉండే గుర్తింపు నంబర్లు వస్తాయి. అవి పెట్టె మీదా బిల్లు మీదా ఉన్న నంబర్లతో అంకె అంకె సరిపోవాలి. ఇంగ్లిషులో కేవైఎం అని మూడు అక్షరాలు రాసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు వేసి 14422కు సందేశం పంపితే ఆ ఫోను వివరాలు తిరిగి వస్తాయి. హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లోనో మీ ఊరి చిన్న దుకాణంలోనో వాడిన ఫోను కొనేవారు ఈ పని చేయకుండా డబ్బు ఇవ్వకూడదు. బ్లాక్ అయినదని వస్తే దుకాణదారు ఎంత ధర తగ్గించినా అక్కడినుంచి లేవండి. *#07# నొక్కితే చాలా ఫోన్లలో రేడియేషన్ కొలత ఎస్‌ఏఆర్ కనిపిస్తుంది, మన దేశంలో దాని హద్దు ఒంటి కణజాలం కిలోకు 1.6 వాట్లు.

బిల్లు లేకుండా ధర తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. 18 శాతం జీఎస్టీ వేసిన, ఐఎంఈఐ రాసిన బిల్లే రేపు వారంటీకీ, ఫోను పోతే ఫిర్యాదుకూ ఆధారం. దసరా, దీపావళి అమ్మకాల్లో చూపే ధర చాలాసార్లు ఫలానా బ్యాంకు కార్డుకో, పాత ఫోను ఇస్తేనో వర్తించేది. ఆ షరతులన్నీ తీసేసి మిగిలిన ధరను మీ ఊరి దుకాణదారుకు చూపించి అడగండి. చాలామంది అక్కడికో, ఆ దగ్గరికో దిగివస్తారు. వడ్డీ లేని వాయిదాలన్నప్పుడు ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ మీద జీఎస్టీ ఎంత పడతాయో అడిగి కలుపుకోండి. వారంటీ ఫోనుకు ఏడాది ఉన్నా చార్జరుకూ కేబులుకూ చాలా కంపెనీలు ఆరు నెలలే ఇస్తాయి. అమ్మినవారు మొండికేస్తే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను.

మొదటి సాయంత్రం

కొత్త ఫోను తెరవగానే ‘అంగీకరిస్తున్నాను’ అంటూ వరసగా వచ్చే ప్రశ్నలన్నింటికీ తల ఊపేయడం మనకు అలవాటు. ఈ ధర ఫోన్లలో కోత పడే మరో చోటు ఇదే: ఫోను కొంత చవగ్గా ఇచ్చి, మిగతాది ప్రకటనల ద్వారా రాబట్టుకుంటారు. అందుకే తప్పనిసరి కానివాటికి ‘వద్దు’ నొక్కండి. సెట్టింగుల్లో ప్రకటనల సిఫార్సులు, లాక్ తెర మీద రోజుకో బొమ్మ మార్చే సేవ, కంపెనీ సొంత బ్రౌజరూ యాప్ స్టోరూ పంపే నోటిఫికేషన్లు ఆపేయండి. అడగకుండా వచ్చిన ఆటలనూ షాపింగు యాప్‌లనూ తీసేయండి. తీయనివ్వకపోతే ‘డిసేబుల్’ చేయండి.

తర్వాత తాళం. పిన్ను ఆరంకెలది పెట్టండి. వేలిముద్రలో ఒకే బొటనవేలిని రెండుసార్లు నమోదు చేస్తే గుర్తుపట్టడం మెరుగవుతుంది. తెర మీద గ్లాసు వేయించుకునేవారు అది వేయించాకే నమోదు చేయాలి. పొలం పని, సున్నం పని, బీడీలు చుట్టే పని చేసినవారి వేళ్లమీద గీతలు అరిగి ఉంటాయి. వారికి వేలిముద్రతో విసుగు తప్ప ఫలితం ఉండదు, పిన్నే మేలు. పోయిన ఫోనును వెతికిపెట్టే గూగుల్ ఫైండ్ హబ్, దొంగతనం జరిగితే తాళం పడే సౌకర్యం రెండూ ఆన్ చేయండి. ఐఎంఈఐ నంబర్లు, బిల్లు ఫొటో ఇంట్లో మరొకరి ఫోనుకు పంపండి.

ఇంకొకటి, దీన్ని వాయిదా వేయకండి. సెట్టింగుల్లో ‘తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్’ అనే చోట వాట్సాప్, బ్రౌజరు, ఫైళ్ల యాప్‌లకు అనుమతి లేకుండా చూడండి. ట్రాఫిక్ చలానా అనీ, పెళ్లి పత్రిక అనీ, పీఎం కిసాన్ అనీ పేర్లు పెట్టి ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోరు బయటినుంచి యాప్ ఎక్కించేవి) పంపి బ్యాంకు ఖాతాలు ఊడ్చేసే ముఠాలు ఈ దారిలోనే వస్తాయి. నిజమైన పెళ్లి పత్రిక బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, ఇన్‌స్టాల్ చేయమని అడగదు.

పెద్దవారి ఫోనైతే అక్షరాల సైజు పెంచి, గూగుల్ కీబోర్డు అయిన జీబోర్డులో తెలుగు చేర్చి, మైకు గుర్తు నొక్కి మాట్లాడితే తెలుగు టైపవుతుందని చేసి చూపండి. ఒకసారి చూపితే చాలదు, పక్కన కూర్చుని ఆవిడచేతనే రెండు సందేశాలు పంపించండి.

వేడి, నీళ్లు, దుమ్ము

లిథియం బ్యాటరీకి ప్రథమ శత్రువు వేడి, రెండోది నూరు శాతం మీద గంటల తరబడి ఉండిపోవడం. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఫోనును కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే చార్జింగు పెట్టకుండానే దాని ఆయుష్షు కరిగిపోతుంది. సెట్టింగుల్లో చార్జింగు 80 శాతం దగ్గర ఆగే వీలుంటే పెట్టుకోండి, దూరప్రయాణాల రోజున మాత్రం తీసేయండి. చార్జింగులో ఉండగా ఆటలాడకండి, మందపాటి కవరు తీసేయండి, దిండు కింద పెట్టకండి. ఎండలో వేడెక్కిన ఫోనును ఫ్రిజ్‌లో పెట్టేవారున్నారు. లోపల తేమ పట్టి ఇంకో సమస్య వస్తుంది, నీడలో ఫ్యాను కింద పెడితే చాలు.

బైకు హ్యాండిలుకు ఫోను బిగించి దారి చూసుకునేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. ఓఐఎస్ లెన్సు సన్నని కదలికలతో పనిచేసేది. ఇంజను అదురు దాన్ని దెబ్బతీయవచ్చని ఆపిల్ 2021లోనే తన ఫోన్ల గురించి హెచ్చరించింది. ఏ కంపెనీదైనా ఆ ఏర్పాటు సున్నితమైనదే. ఫోను జేబులో పెట్టుకుని చెవిలో దారి వినడం కెమెరాకూ మంచిది, మీకూ మంచిది.

తడిసిన ఫోనును బియ్యంలో పాతిపెట్టకండి, పిండి రేణువులు చార్జింగు రంధ్రంలో చేరతాయి. ఆపేసి, సిమ్ము తీసి, రంధ్రం కిందికి ఉండేలా నిలబెట్టి ఆరనివ్వండి. ఆరేదాకా చార్జింగు వద్దు. కేబులు వదులైందని సర్వీసుకు పరుగెత్తే ముందు ఆ రంధ్రంలోకి దీపం వేసి చూడండి. జేబులోని నూలు అందులో గట్టిగా కూరుకుపోయి ఉంటుంది. ఫోను ఆపేసి, పళ్లపుల్లతో మెల్లగా తీస్తే చాలాసార్లు కేబులు మళ్లీ టక్కున కూర్చుంటుంది.

నెమ్మదించినప్పుడు

ఏడాదిన్నరకు ఫోను తడబడుతోందంటే మొదట స్టోరేజీ చూడండి. పదిహేను, ఇరవై శాతం ఖాళీ లేకపోతే ఏ ఫోనైనా నత్తనడకే. మన ఇళ్లలో ఈ నేరం ఎక్కువగా వాట్సాప్‌దే. సెట్టింగుల్లో ‘స్టోరేజీ, డేటా’ తెరిచి ‘మేనేజ్ స్టోరేజీ’లోకి వెళ్లండి. ఏ గ్రూపు ఎంత తింటోందో పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా చూపిస్తుంది. పైన తప్పకుండా బంధువుల గ్రూపో అపార్ట్‌మెంటు గ్రూపో ఉంటుంది. లోపల శుభోదయాల కింద తామరపువ్వులు, వినాయకుళ్లు, ఒకే వీడియో అయిదుగురు పంపిన అయిదు ప్రతులు. దేవుడి బొమ్మ తుడిచేయడానికి పెద్దలు జంకుతారు. ఆ పని మీరే చేసి, మీడియా దానంతటదే దిగకుండా ఆపేయండి. మొదటి పూటే ఇది చేసి ఉంటే ఇంతదాకా రాదు.

‘క్లీనర్’, ‘బూస్టర్’ అని పేరున్న యాప్‌లు వేయకండి, అవే ఒక బరువు. ఫోను రీస్టార్ట్ చేయండి, అప్‌డేట్లు చూడండి. మీరు వేసిన యాప్‌లను ఆపి ఫోనును నడిపే సేఫ్ మోడ్‌లో చక్కగా నడిస్తే మీరు వేసిన యాప్ ఏదో కారణం, ఇటీవల వేసినవాటి నుంచి ఒక్కొక్కటీ తీయండి. అన్నీ అయ్యాక చివరి మార్గం ఫ్యాక్టరీ రీసెట్, అంటే అంతా చెరిపేసి ఫోనును కొత్తదానిలా చేయడం. భద్రతా ప్యాచులు రాగానే వేసుకోండి. ఆండ్రాయిడ్ కొత్త వెర్షను మాత్రం ఒకటి రెండు వారాలు ఆగి, ఇతరుల అనుభవం చూసి వేసుకుంటే నష్టం లేదు.

మూడేళ్లకు బ్యాటరీ సాయంత్రానికే చేతులెత్తేస్తే ఫోను మార్చాలనుకుంటారు. ముందు కంపెనీ సర్వీసులో బ్యాటరీ మార్పిడికి ఎంతవుతుందో అడగండి. కొత్త ఫోను ధరలో అది చిన్న భాగమే. అప్‌డేట్ల గడువు ఇంకా మిగిలి ఉంటే ఆ ఖర్చు పెట్టండి. గడువు తీరిపోయిన ఫోనుకైతే వద్దు.

పోతే

పోయిన ఫోనుకు, వేరే ఫోనులోంచి ఫైండ్ హబ్ తెరిచి ముందు తాళం వేయండి. చెరిపేయడం ఆ తర్వాత ఆలోచించవచ్చు. వెంటనే సిమ్ము ఆపించి, బ్యాంకుకు చెప్పి యూపీఐ నిలిపివేయించండి. పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ఆ ప్రతితోపాటు బిల్లు పెట్టి కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ పోర్టల్‌లో సీఈఐఆర్ అనే ఫోన్ల రిజిస్టరులో ఐఎంఈఐని బ్లాక్ చేయించండి. ఈ సౌకర్యం 2023 మే నుంచి దేశమంతటా ఉంది. ఓటీపీ కోసం అదే నంబరుతో కొత్త సిమ్ము అవసరమవుతుంది కాబట్టి సిమ్ము దుకాణానికి ముందు వెళ్లండి. ఖాతాలోంచి డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి సైబరు మోసాల హెల్ప్‌లైను 1930కు ఫోను చేయండి, అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే.

పాతది ఇచ్చేముందు

మార్పిడిలో ఇచ్చినా, తమ్ముడికిచ్చినా క్రమం ఇదే. వాట్సాప్ బ్యాకప్ తీసుకుని కొత్త ఫోనులో తెరిచి చూసుకోండి. యూపీఐ, బ్యాంకు యాప్‌లను కొత్తదానిలో నమోదు చేసి, అవి పనిచేస్తున్నాయని తేలాక పాతదానిలో లాగవుట్ అవండి. మెమరీ కార్డు, సిమ్ములు తీయండి. గూగుల్ ఖాతాను సెట్టింగుల్లోంచి తొలగించిన తర్వాతే రీసెట్ చేయాలి. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే ఫోను మళ్లీ మీ పాస్‌వర్డే అడగవచ్చు, అప్పుడు తీసుకున్నవారు రెండోరోజే ఫోను చేస్తారు. ఇంటికి వచ్చి తీసుకెళ్లే మార్పిడి అయితే, రీసెట్‌కు ముందే తెర వెలుగుతుండగా నాలుగు అంచులూ, కెమెరా అద్దమూ కనబడేలా చిన్న వీడియో తీసి కొత్త ఫోనులో ఉంచుకోండి. గుమ్మం దగ్గర గీత ఉందనో మచ్చ ఉందనో ధర తగ్గిస్తానంటే అది చూపించి మాట్లాడవచ్చు.